లుపే చిక్కిపోయిన వైనం

ఆ సోమవారం ఉదయం లుపే వేసుకున్న పథకం చాలా చిన్నది. చెల్లెలు వికా ఆరేళ్ళ తర్వాత ఆక్లండ్ నుంచి నెలన్నరలో వస్తోంది. కొత్త చర్చి హాలు ముందు కుటుంబమంతా ఫొటో దిగాలి. ఆలోగా తను సన్నబడాలి. అంతే.

అంతకుముందు రోజు వీడియో ఫోనులో, తన కెమెరా పాడైందంటూ ముఖం చూపకుండానే, వికా అన్న ఒక్క మాట దీనికంతటికీ మూలం. "అక్కా, నువ్వు తెరలో పట్టట్లేదే! ఫోను అడ్డంగా తిప్పు" అని పకపకా నవ్వింది. లుపే కూడా నవ్వింది గానీ, ఫోను పెట్టేశాక అద్దం ముందు గంటసేపు నిలబడింది. వికా పంపే ఫొటోల్లో ఆ మెడ ఎంత నాజూగ్గా ఉంటుందో! దాని పక్కన తను నిలబడితే ఫొటోలో ఇంకెవరికీ చోటుండదని లుపేకు దిగులు పట్టుకుంది.

మా వవావు దీవిలో తిండి మానేయడం ఆషామాషీ కాదు. ఇల్లాలు నిండుగా ఉంటేనే ఇంటికి కళ. చిక్కిందంటే మొగుడన్నా చేతగానివాడై ఉండాలి, రోగమన్నా ముదిరి ఉండాలి. అందుకే లుపే భర్త టెవిటాకు కూడా చెప్పకుండా తన వాటా చామదుంపలూ, కొబ్బరిపాలలో ఉడికిన మాంసమూ పెరట్లో పందులకు వేయసాగింది. అవి ఏ ఫొటో గురించీ బెంగపడకుండా తిన్నాయి.

నెల తిరిగేసరికి గౌను వదులైపోయింది. చర్చి మెట్ల మీద పొరుగింటి సెలా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎన్నాళ్ళనించి వదినా?"

తన కష్టాన్ని ఒకరైనా గుర్తించారని లుపే పొంగిపోయింది. "నెల దాటింది."

"డాక్టరుకి చూపించావా?"

"దీనికి డాక్టరెందుకే? నేనే ఓర్చుకోవాలి."

"అయ్యో దేవుడా! వికాకి తెలుసా?"

"చెప్పకు, నీకు పుణ్యముంటుంది. అది వచ్చి నన్నొక్కసారి కళ్ళారా చూస్తే చాలు."

సెలా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లుపే దాన్ని అసూయ అనుకుని మురిసిపోయింది.

సెలా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వచ్చే ఆదివారమే పాస్టరుగారు, పేరు చెప్పకుండా, "మౌనంగా బాధను మోస్తున్న మన సోదరి" కోసం ప్రార్థన చేశారు. చర్చంతా లుపే వైపు తిరిగింది. ఎవరో పాపం అనుకుని లుపే కూడా వెనక్కి తిరిగి చూసింది.

మర్నాటి నుంచి ఇంటికి గిన్నెల మీద గిన్నెలు వచ్చిపడ్డాయి. ఎందుకో అర్థం కాకపోయినా లుపే మర్యాదగా పుచ్చుకుని పందులకు పెట్టింది. కంచె మీంచి ఇది చూసిన సెలా గుండెలు బాదుకుంది. "ముద్ద కూడా లోపల నిలవట్లేదన్నమాట!"

టెవిటాకు ఈ సంగతి ఊరందరి తర్వాత తెలిసింది. ఆరడుగుల మనిషి పడవలో కూర్చుని, వలలో ముఖం దాచుకుని ఏడ్చాడు. తను బాధపడతాడనే భార్య దాస్తోందనుకుని ఆమెను ఒక్క మాటా అడగలేదు. వికాకు ఫోను చేసి, "వెంటనే రా" అన్నాడు. ఆ వెంటనే ఫోను పెట్టేశాడు. మిగతాది ఆక్లండ్‌లో ఉన్న సెలా పినతల్లి కూతురు పూర్తి చేసింది. సముద్రం దాటేసరికి లుపే రోగం కాస్తా చావై కూర్చుంది.

శుక్రవారం లుపే నీలం గౌను తొడుక్కుని అద్దంలో నడుం చూసుకుంటోంది. వాకిట్లో ఏడుపు వినబడి బయటికి పరుగెత్తింది. గేటు దగ్గర వికా నల్లబట్టల్లో ఉంది. మా దగ్గర పోయినవాళ్ళకన్నా చిన్న వరసవాళ్ళు దుఃఖానికి గుర్తుగా ఒంటికి చాప చుట్టుకోవాలి; చెల్లెలు కాబట్టి రొమ్ము నుంచి పిక్కల దాకా ముతక చావుచాప చుట్టుకుంది. పొద్దున ఆమె ఫోనులో ఏడవగానే లుపే పోయిందని నమ్మేసిన సగం ఊరు వెనక ఉంది.

"అయ్యో! ఎవరే పోయింది?" అంది లుపే హడలిపోయి.

"నువ్వేనే! నువ్వే పోయావు!" అని కెవ్వుమంది వికా.

అసలు సంగతి బయటపడడానికి అరగంట పట్టింది. టెవిటా ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు.

"ఫొటో కోసమా?" అంది సెలా. "నీకోసం మూడు కోళ్ళు కోశాను!"

"మరేం చెయ్యను? ఇంత నాజూకు పిల్ల పక్కన ఎలా నిలబడేది?" అని లుపే భోరుమంది.

వికా చాపకున్న తాడు విప్పింది. చాప కింద పడింది. లోపలున్న వికా పాత లుపేకు ఒకటిన్నర రెట్లుంది.

"నీకు పంపినవన్నీ మెడదాకా తీసినవే. అవీ ఆరేళ్ళనాటివి" అంది వికా తల దించుకుని. "ఇలా నీ కంట పడలేకే ఇన్నాళ్ళూ రాలేదక్కా. నువ్వు పోయావంటే గుండె పగిలి ఏడ్చాను. ఏడుస్తూనే, హమ్మయ్య, చాపలో ఎవరికీ కనబడను అనుకున్నాను. ఛీ, ఏం మనిషినో చూడు."

"మరి నన్నెందుకే అంత మాటన్నావు?"

"ముందు నేనంటే, నన్నెవరూ అనరని."

ఆరేళ్ళు! లుపేకు కోపమూ జాలీ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. చెల్లెల్ని వాటేసుకుంది. చేతులు పూర్తిగా అందలేదు, అయినా వదల్లేదు. ఊరివాళ్ళు పొద్దున్నే గుంతపొయ్యిలో పెట్టిన చావు భోజనం ఎలాగూ ఉడికిపోయింది. మొదటి ఆకు పోయినావిడకే వేశారు. ఆమె మారు వడ్డించుకుని మరీ తింది.

ఆదివారం పాస్టరుగారు లుపే కోలుకున్నందుకు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. అది ముగిశాక ఆయన భార్య లుపేను పక్కకు పిలిచి, ఆ జబ్బు ఎలా తెచ్చుకోవాలో గుట్టుగా అడిగింది.