ఏడో లైను జలపాతం

గౌరవనీయులైన సాహస విహారాల శాఖామాత్యులు ఫవ్వాజ్ పాషాగారు వచ్చే గురువారం ఉదయం స్వయంగా, తాడు పట్టుకుని, వాదీ షల్వా లోయలోకి దిగుతారని ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమైనది. మంత్రులు పైకి ఎక్కడమే గానీ తమంతట తాము కిందికి దిగడం ఈ దేశ చరిత్రలో ఇదే మొదలు.

ఈ ప్రకటన రాసింది నేనే. రెండో వాక్యం మాత్రం పై అధికారి కొట్టేశాడు.

నా పేరు అతల్లా. ఆ శాఖలోనే ప్రచార అధికారిని. మా ఊరు ఐన్ షల్వాలో నన్ను అబూ జుమానా అంటారు, మాకున్నది జుమానా ఒక్కతే కూతురు కాబట్టి. మంత్రిగారికి లోయలోకి దిగాలన్న కోరిక పుట్టించిన మహానుభావుణ్ణి కూడా నేనే. ‘లోయలో ఒక రోజు: మీరు ఏమేం ఆశించవచ్చు’ అని ఒక చిన్న పుస్తకం రాశాను. నడుం లోతు చల్లటి నీళ్లు, వరసగా జలపాతాలు, పిల్లలకీ పెద్దలకీ అందరికీ అనువు. రాజధానిలో నాలుగో అంతస్తులో, ఏసీ కింద, ఫలాఫెల్ నములుతూ రాశాను. లోయ మా ఊరికి కారులో పావుగంట దూరం. అందులో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. అట్ట మీద బొమ్మ వేరే ఖండానిది.

మంత్రిగారు దాన్ని విమానంలో చదివి చలించిపోయారు.

"ఇంత అందం మన దేశంలో ఉందా అతల్లా?"

"అంతా మీ చలవ పాషా."

"అయితే నేను దిగుతా. ఆ ఐరోపా రాయబారిని కూడా పిలు. టీవీ వాళ్లని పిలు."

పిలిచాను. ఆ సాయంత్రమే లోయ గైడు హర్బీ ఫోన్ చేశాడు. హర్బీ పాత సైనికుడు. ఫోన్‌లో మాట్లాడితే పక్క గదిలోవాళ్లు జవాబు చెబుతారు.

"అబూ జుమానా! నీళ్లేవయ్యా? ఈ ఏడు వాన చుక్క పడిందా? లోయలో మేక నాలిక తడుపుకోవడానికి కూడా లేదు. నువ్వు రాసిన జలపాతాలు ఎక్కడున్నాయో కాస్త నాకూ చూపించు, ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాను!"

మర్నాడు అత్యవసర సమావేశం. రద్దు చేద్దామని ఎవరో అన్నారు. ఎవరన్నారో తర్వాత ఎవరికీ గుర్తు లేదు, అన్నాయన సహా. నీళ్ల ఇంజనీరు మ్యాపు పరిచాడు. లోయకి సరిగ్గా పైన తాగునీటి రిజర్వాయరు ఉంది. అక్కణ్ణించి ఊళ్లకి వారానికో వంతు. గురువారం వంతు ఏడో లైనుది.

"ఆ ఒక్క వారం ఏడో లైను కట్టేసి, నీళ్లు లోయలోకి వదిలితే?" అని మెరుపులాంటి ఆలోచన చెప్పిన మేధావి ఎవరో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది.

"మరి ఏడో లైను వాళ్ల సంగతి?" అన్నాడు ఇంజనీరు.

"వాళ్లకి దేశభక్తి ఉండదా?" అన్నాను.

చప్పట్లు మోగాయి. మంత్రిగారు లేచొచ్చి నా భుజం తట్టారు. "అడుగు అతల్లా. ఏం కావాలో అడుగు."

ఇదే అదను. శుక్రవారం మా ఇంటికి జాహా వస్తోంది. మా జుమానాని అడగడానికి మగపెళ్లివారు ఊళ్ల పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. అలాంటప్పుడు పిల్ల తరపున బదులు చెప్పడానికి ఎంత పెద్దవాడు కూర్చుంటే ఇంటికి అంత పరువు. "మా తరపున తమరు కూర్చోవాలి పాషా" అన్నాను.

"నీ కూతురు నా కూతురు కాదూ!" అన్నారు. నేను ఆఫీసు మెట్లు దిగలేదు, గాల్లో తేలుతూ వచ్చాను.

గురువారం పొద్దున్నే మా ఆవిడ మేడ మీద గరిటెతో నీళ్ల ట్యాంకుని కొడుతోంది. ఖంగుఖంగుమంటోంది. ఖాళీ.

"ఏమిటో, ఇంకా రాలేదు. ఏడో లైనుకి ఎప్పుడూ తెల్లారేసరికే వచ్చేస్తాయి."

"ఏడో లైనా?"

"మన లైను ఎన్నోదో కూడా తెలీదా నీకు?"

తెలీదు. వారమంతా రాజధానిలో ఉంటాను. మాబోటి మొగాళ్లకి నీళ్ల గురించి తెలిసిందల్లా, కుళాయి తిప్పాలని.

"అబూ జుమానా, ఇటు చూడు. రేపు ఇంతమంది వస్తున్నారు. కాఫీ తాగితేనే మాట ఖాయం. మనింట్లో కాఫీకి నీళ్లు లేక నా కూతురి సంబంధం ఆగిపోయిందో, నువ్వా రాజధానిలోనే ఉండిపో. ఈ గడప తొక్కకు."

"వస్తాయిలే" అన్నాను. ప్రభుత్వం తరపున ఎన్నిసార్లు ఆ మాట అని ఉంటానో, చాలా సహజంగా వచ్చింది.

లోయ మొదట్లో అందరికీ హెల్మెట్లు, తేలే జాకెట్లు తొడిగారు. మంత్రిగారి జాకెట్ బొజ్జ దగ్గర కలవలేదు. దాన్ని ప్రత్యేక డిజైన్ అని టీవీ వాళ్లకి చెప్పాను. హర్బీ నడుం మీద చేతులు పెట్టుకుని సూచనలిచ్చాడు.

"ఏం ఆశించవచ్చో చెప్తా, వినండి. తడుస్తారు. జారతారు. మోకాళ్లు గీరుకుంటాయి. నన్ను తిట్టుకుంటారు, మనసులో తిట్టుకోండి. ఒకసారి తాడు మీద దిగాక కింద నుంచి తాడు లాగేస్తాం. ఇక వెనక్కి దారి లేదు."

"ఈ ప్రభుత్వానికి వెనక్కి పోవడం తెలీదు" అన్నారు మంత్రిగారు. నేను రాసుకున్నాను.

మొదటి జలపాతం అంచుకి చేరాం. నీళ్లు హోరున దూకుతున్నాయి. మా ఊరి నీళ్లు అంత అందంగా ఉంటాయని నాకు తెలీదు. హర్బీ ముందు దిగబోతే ప్రోటోకాల్ అధికారి చొక్కా పట్టుకున్నాడు.

"మంత్రిగారి కంటే ముందు నువ్వెళ్తావా?"

"సరే, ఆయన్నే వెళ్లమను" అన్నాడు హర్బీ.

మంత్రిగారు కిందికి తొంగి చూశారు. వెంటనే ఆయనలో మర్యాద పొంగింది. రాయబారి వైపు తిరిగి "అతిథి ముందు. తమరు దయచేయండి" అన్నారు.

"అబ్బే, ఇంటాయన ముందు."

"అల్లా మీద ఒట్టు, మీరే ముందు."

"నా మీద ఒట్టు, మీరే."

చివరికి ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. గ్రంథకర్త కంటే దారి తెలిసినవాడెవడు? గ్రంథకర్తని కట్టి దింపారు. నడుం లోతు అని రాశాను. మెడ దాకా ఉంది.

తాడు లాగేశారు. మంత్రిగారు దోసిట్లో నీళ్లు తీసుకుని "చూశారా, కొండల గుండెల్లోంచి పుట్టిన నీరు!" అన్నారు కెమెరాకి.

రాయబారి ముక్కు ఎగబీల్చాడు. "మా ఇంటి దగ్గర ఈత కొలను వాసన వస్తోందే?"

"ఖనిజాలు" అన్నాను. క్లోరిన్ ఖనిజమో కాదో నాకిప్పటికీ తెలీదు.

చివరి జలపాతం అన్నిటికంటే పెద్దది. అక్కడ హర్బీ ప్రోటోకాల్ అధికారిని ఒక్క చూపు చూసి తనే ముందు దిగాడు, వెనకే నేను. తర్వాత మంత్రిగారు. ఆయన సగం దిగేసరికి మా వెనక నుంచి గోల వినబడింది. ఆడవాళ్ల గొంతులు, డబ్బాల మోత, పికప్ బండ్ల హారన్లు. వెనక్కి తిరిగి చూశాను. ఐన్ షల్వా ఊరు ఊరంతా లోయ కింది ముఖం నుంచి లోపలికొచ్చి మడుగు చుట్టూ చేరింది. కుళాయిలు ఎండిపోయాయి, లోయ మాత్రం పారుతోందని ఎవడో మేకల కాపరి చెప్పాడట. తివాచీలు ఉతికేవాళ్లు ఉతుకుతున్నారు. డబ్బాలు నింపేవాళ్లు నింపుతున్నారు. మోకాలి లోతు నీళ్లలో, గౌను అంచు నడుముకి దోపి, అందరికంటే ముందు మా ఆవిడ.

ఆవిడ తలెత్తి మంత్రిగారి బూట్లు చూసింది.

"ఏయ్, ఎవరా వేలాడేది? బూట్లిప్పి దిగమనండి! తాగే నీళ్లివి!"

"ఉమ్ జుమానా, ఆయన మంత్రిగారు" అన్నాను సన్నగా.

"మంత్రయితే కాళ్లు శుభ్రంగా ఉంటాయా?"

టీవీలో లైవ్ పోతోంది. మంత్రిగారు ఏ మాత్రం తొణకలేదు. తాడు మీద గిరగిరా తిరుగుతూనే, కెమెరా ఎదురుగా వచ్చినప్పుడల్లా ఒక వాక్యం చొప్పున ప్రసంగించారు. "ప్రజలారా... ఈ నీళ్లు మీకోసమే... ఇంటింటికీ కాదు, ఏకంగా లోయ లోయకీ... ఈ గొప్ప ఆలోచన ఎవరిదో తెలుసా... మీ ఊరివాడే, మన అతల్లాది! ఏడో లైను కట్టేయించి నీళ్లు లోయకి తిప్పించింది అతడే!"

మా ఆవిడ డబ్బా కింద పెట్టింది. నా వైపు తిరిగింది.

అప్పుడే మధ్యాహ్నమైంది. ఆర్డరు ప్రకారం పైన గేటు మూసేశారు. హోరు ఆగిపోయింది. ఎండిన బండ మీద, చొక్కా నుంచి నీళ్లు కారుతూ, మంత్రిగారు ఒక్కరే వేలాడుతూ మిగిలారు. మడుగులో నీళ్లు దిగువకి జారిపోయి కింద మిగిలింది బురద. హర్బీ ఆయన్ని ఆ బురదలోకే దింపాడు.

ఇక్కడ మా ఊరివాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. నన్ను తిట్టారు, మా నాన్ననీ తిట్టారు. కానీ రేపు జుమానా జాహా అని నింపిన డబ్బాలన్నీ, ప్రతి ఇంటివాళ్లూ, మా ఇంటికే చేర్చారు. "పిల్ల ఏం చేసింది పాపం" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

మంత్రిగారు తల నుంచి పాదం దాకా బురద. "దగ్గర్లో ఎక్కడైనా కడుక్కోవచ్చా?" అన్నారు. మా వైపు మనిషి నోరు ఇలాంటప్పుడు దానంతటదే తెరుచుకుంటుంది.

"మా ఇల్లు మీ ఇల్లే పాషా. దయచేయండి!"

దయచేశారు. మంత్రిగారు స్నానం చేశారు. రాయబారి చేశాడు. ప్రోటోకాల్ అధికారి రెండుసార్లు చేశాడు. టీవీ వాళ్లు కెమెరా కాళ్లు కడిగారు. వచ్చిన అతిథిని వద్దనడం మా ఇళ్లలో లేదు. మా ఆవిడ ఒక్కో డబ్బా లోపలికి అందిస్తూ, అందించిన ప్రతిసారీ నా కళ్లలోకి చూసింది. ఆఖరి డబ్బా ఒకటి మాత్రం ముసుగు చాటున తీసుకెళ్లి పెరటి తలుపు వెనక దాచింది. రేపటి కాఫీకి. ఊరి కొట్లో నీళ్ల సీసాలు అప్పటికే అయిపోయాయి. "ట్యాంకర్ పంపిస్తా అతల్లా, బయల్దేరింది అనుకో" అని మంత్రిగారు తల తుడుచుకుంటూ మాటిచ్చారు. నేను బయల్దేరిందనే అనుకున్నాను.

శుక్రవారం నమాజు అయ్యాక జాహా వచ్చింది. మా ముందుగదీ, పక్కింటి ముందుగదీ, మధ్యలో వేసిన గుడారమూ నిండిపోయాయి. మంత్రిగారు సరిగ్గా సమయానికి దిగారు. మా వైపు పెద్ద కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా పెళ్లికొడుకు తాతగారు హాజీ మిఫ్లిహ్. కాఫీ తెమ్మని చెప్పడానికి లోపలికి వెళ్లాను.

మా ఆవిడ పెరటి గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ డబ్బా. పెరటి వైపు మంత్రిగారి కారు తళతళా మెరుస్తోంది.

"పిల్లకి పూలు పెట్టి వచ్చేలోగా డ్రైవరు కడిగేశాడు" అంది. "దుమ్ము పట్టిందట. పాషా కారు దుమ్ముతో ఉంటే మీకే నామోషీ కదమ్మా, అన్నాడు."

గది లోపల జుమానా తలుపు సందులోంచి మమ్మల్నే చూస్తోంది. మేం ఏం మాట్లాడుకుంటున్నామో దానికి తెలిసిపోయింది.

"ఇప్పుడేం చేస్తావు?" అంది మా ఆవిడ.

ఇత్తడి కాఫీ కూజా తీసుకున్నాను. కాఫీ పోసే కుర్రాణ్ణి పక్కకి జరిపి నేనే గుడారంలోకి వెళ్లాను.

మొదటి కప్పు హాజీ మిఫ్లిహ్‌కి. కూజా వంచాను, వంచాల్సినంతసేపు వంచాను, ఎత్తాను. ఆయన కప్పులోకి చూశాడు. తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఎనభై దాటిన మనిషి. ఆయన ఆ కప్పుని జాగ్రత్తగా, తొణికిపోతుందేమో అన్నట్టు, తన ముందు నేల మీద పెట్టాడు.

"మాకో మనవి ఉంది. అది తీరందే ఈ కాఫీ ముట్టం. మీ జుమానాని మా ఇంటి పిల్లని చేసుకోవాలని వచ్చాం."

మంత్రిగారు లేచి నిలబడ్డారు. కొండల గురించి, లోయల గురించి, జలపాతాల గురించి చాలాసేపు మాట్లాడారు. చివర్లో పిల్ల సంగతి గుర్తొచ్చింది. "తాగండి హాజీ, మీ కాఫీ తాగండి. పిల్ల మీదే!"

హాజీ మిఫ్లిహ్ కప్పు ఎత్తాడు. పెదాలకి ఆనించాడు. గుటక వేశాడు. మీసం కూడా తుడుచుకున్నాడు.

"అల్లా ఈ ఇంటిని చల్లగా చూడాలి" అన్నాడు. చాలని కప్పు అటూ ఇటూ ఊపి నా చేతికిచ్చి, నా మణికట్టు ఒక్క క్షణం గట్టిగా నొక్కాడు. లోపల ఆడవాళ్ల సంతోషం కేకలు ఒక్కసారిగా లేచాయి. వాటిలో మా ఆవిడ గొంతు గుర్తుపట్టాను. ఆపుకోలేక ఏడ్చేశాను. పిల్ల తండ్రి కదా, ఎవరూ తప్పు పట్టలేదు.

రెండో కప్పు మంత్రిగారికి పోశాను. ఆయన కళ్లు మూసుకుని, మూడు గుక్కల్లో, రుచి చూస్తూ తాగారు.

"బ్రహ్మాండం అతల్లా. ఏలకులు మాత్రం ఓ పిసరు ఎక్కువ పడ్డాయి" అన్నారు.

కప్పు ఊపలేదు. ఇంకోటి పొయ్యమని చాపారు.

నేను వంగి పోశాను.