ఆరు నుంచి ఏడు దాకా

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా బ్రిటన్‌లో టెలివిజన్ ఉండదు. ఆ గంటలో తల్లులు పసిపిల్లలను పడుకోబెట్టాలి. తెర మీద బొమ్మ ఆగితే పిల్లలు వెంటనే కళ్లు మూస్తారని పెద్దలు దీర్ఘంగా ఆలోచించి తేల్చారు. పిల్లల్ని పడుకోబెట్టిన అనుభవం వారిలో ఎవరికైనా ఉందా అని అడగడం మర్యాద కాదు.

స్టాక్‌పోర్ట్‌లోని ఒక వీధిలో పసిపిల్లలు ఇద్దరే. అయినా వీధి యావత్తూ నియమం పాటించింది. డెబ్బై ఒక్కేళ్ల రిటైర్డు కర్నల్ థిసిల్‌వుడ్ ఆరు కొట్టగానే దుప్పటి కప్పుకునేవాడు. ప్రభుత్వం ఊరికే చెప్పదని ఆయన నమ్మకం. పక్కింటి శ్రీమతి హార్‌గ్రీవ్స్ తన కొడుకు విల్‌ఫ్రెడ్‌కి వేడి పాలిచ్చి పడుకోబెట్టేది. విల్‌ఫ్రెడ్‌కి ముప్ఫై ఎనిమిదేళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఏడింటికి తల్లి ప్రత్యేక అనుమతితో కిందికి దిగి వచ్చేవాడు.

ఈనిడ్‌కి పెళ్లయి ఆరు నెలలు. భర్త క్లిఫర్డ్ ఆఫీసు నుంచి రాగానే పిల్లల కార్యక్రమంలో తోలుబొమ్మ కుందేలు ముందు కూర్చునేవాడు. ఆరింటికి తెర నల్లబడగానే చుట్టూ చూసేవాడు. అప్పుడు భార్య కనబడేది.

"అరె, జుట్టు కత్తిరించుకున్నావా?"

"పోయిన మంగళవారం."

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. అతను తన పై అధికారి తుమ్ము అనుకరిస్తుంటే ఆమె పొయ్యి మీద రొట్టె మాడ్చేది. కిటికీ అద్దం మీది ఆవిరిలో అతను ఆమె పేరు రాసేవాడు. మాడిన రొట్టె అంత రుచిగా ఉంటుందని ఆమెకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఏడింటికి తెర మీద ప్రకటనలు చదివే పెద్దమనిషి బో టై సర్దుకుని శుభసాయంత్రం చెప్పేవాడు. క్లిఫర్డ్ వినయంగా బదులు చెప్పేవాడు. ఆ రోజుకి కాపురం సమాప్తం.

1957 ఫిబ్రవరిలో ఒకనాడు డాక్టరు ఈనిడ్‌కి ఒక శుభవార్త చెప్పాడు. ఆమె దాన్ని గుండెల్లో దాచుకుని ఇంటికి బయల్దేరింది. ఆరింటికి చెప్పాలి. అంతకుముందు చెబితే కుందేలు మధ్యలో ఆగిపోతుంది.

"ఏమ్మాయ్, మొహం వెలిగిపోతోంది. పెద్ద టీవీ సెట్టు కొన్నారా?" అంది శ్రీమతి హార్‌గ్రీవ్స్ గేటు దగ్గర.

"లేదండీ, చలిగాలికి."

ఈనిడ్ యాపిల్ ముక్కలతో తీపి రొట్టె కాల్చింది. ఆరు కొట్టింది. తెర నల్లబడలేదు. బో టై పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"మహాజనులారా, ఈ దేశ పౌరులు పరిణతి చెందినవారు. ఎప్పుడు చూడాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకునే స్వాతంత్ర్యాన్ని నేటి నుంచి వారికే అప్పగిస్తున్నాం. మీట మీ చేతిలోనే ఉంది."

వెంటనే తెర మీద ఒక దొంగ నగల మూటతో ఇళ్ల కప్పుల మీద పరుగెత్తాడు.

వీధి ఈ స్వాతంత్ర్యాన్ని కూడా క్రమశిక్షణతో స్వీకరించింది. నియమమూ తప్పకుండా, కార్యక్రమమూ తప్పకుండా శ్రీమతి హార్‌గ్రీవ్స్ విల్‌ఫ్రెడ్ మంచాన్ని సెట్టు ముందుకు దింపించింది.

"క్లిఫ్, నీకో మాట చెప్పాలి."

"చెప్పు బంగారం, వింటున్నా." తల తిప్పలేదు.

"మంచి మాట."

"మంచిదైతే తొందరేముంది? వాడు చిమ్నీ ఎక్కుతున్నాడు చూడు."

ఈనిడ్ లేచింది. పరిణతి చెందిన పౌరురాలిలా నడిచి వెళ్లి మీట పట్టుకుంది. ఒక్క తిప్పు చాలు. సరిగ్గా అప్పుడే దొంగ కాలు జారింది. ఒంటి చేత్తో చూరు పట్టుకుని వేలాడుతున్నాడు.

"కొంచెం పక్కకి జరుగుతావా?" అన్నాడు క్లిఫర్డ్.

ఆమె జరిగింది. తర్వాత వచ్చి అతని పక్కనే కూర్చుంది.

"పడతాడంటావా?" అంది మెల్లగా.

ఆ రాత్రి దొంగ పడలేదు. పడతాడో లేదో తెలియడానికి వచ్చే వారం దాకా ఆగాలి. ఈనిడ్ వార్తకేం, దానికింకా ఏడు నెలల గడువుంది.