డీజిల్ మీద పేరెక్కడ రాస్తాం?

సేవాసంఘం అన్నాక ఖర్చు పెట్టకూడదు!

ఈ మాట వినగానే మీరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. ఖర్చు లేకుండా సేవ ఎలాగయ్యా అంటారు. అక్కడే మీరు పప్పులో కాలేశారు. రోగి మీద ఎంతైనా పెట్టొచ్చు. రోగి దాకా వెళ్లడానికి మాత్రం పెట్టకూడదు. జీతాలు, అద్దెలు, ఫోను బిల్లులు, రిపేర్లు... వీటన్నిటినీ చదువుకున్నవాళ్లు ఓవర్‌హెడ్ అంటారు. మా సంఘంలో దుబారా అంటాం.

ఈ పత్రికలో నోటికొచ్చింది రాసే ఉద్యోగం కాక నాకు ఇంకో గౌరవం కూడా ఉంది. కిడ్నీ రోగుల్ని ఇంటి నుంచి డయాలిసిస్‌కి, అక్కణ్ణించి మళ్లీ ఇంటికి ఉచితంగా చేరవేసే సంఘానికి నేను ప్రచార కార్యదర్శిని. 'మీరిచ్చే ప్రతి పైసా నేరుగా రోగికే!' అన్న మా నినాదం నేను రాసిందే. రాసిన రోజు అద్దం ముందు నిలబడి నాకు నేనే నమస్కారం పెట్టుకున్నాను.

ఆ నినాదం చూసి దాతలు ఎగబడ్డారు. వ్యాను కొన్నాం. మామూలు వ్యాను కాదండీ! అందులో ప్రతి భాగానికీ ఒక దాత ఉన్నాడు. ముందు సీటు మీద మా అధ్యక్షుడి పేరు. ఆయనది వంటపాత్రల వ్యాపారం. వెనక సీటు మీద ఆయన వియ్యంకుడి పేరు. తన పేరు పొడుగు కాబట్టి వెడల్పాటి సీటే కావాలని వియ్యంకుడుగారు అడిగి మరీ పుచ్చుకున్నారు. పక్క అద్దం ఇచ్చిన పెద్దమనిషి డిగ్రీలు కూడా రాయాలని పట్టుబట్టాడు. రాశాం. ఇప్పుడా అద్దంలో వెనకొచ్చే బళ్లు కనిపించవు, డిగ్రీలు కనిపిస్తాయి. ఇక వెనక తలుపు మీద, ఎర్ర రంగులో, మా నాన్నగారి పేరు. నేనేమైనా తక్కువ తిన్నానా?

మరి డ్రైవరేడీ అంటారు. డ్రైవరు నుదుటి మీద పేరు రాస్తామంటే ఊరుకుంటాడా? డీజిల్ మీద రాద్దామంటే అది కాస్తా మండిపోతుంది. 'ఈ పంక్చరు ఫలానావారి జ్ఞాపకార్థం' అని బోర్డు పెట్టించుకుని ఫొటో దిగిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? నేనైతే చూడలేదు.

కాబట్టి మా బండి స్వచ్ఛందంగా నడుస్తుంది. ఒక బీమా ఏజెంటు ఆదివారాలు ఖాళీ చేసుకుని వస్తాడు. ఆదివారం డయాలిసిస్ ఉండదు. అందుకని బండి కడిగి వెళ్తాడు. రిటైరైన లెక్చరరొకాయన ఏ రోజు రమ్మన్నా వస్తానని మాటిచ్చారు గానీ, ఆ వారంలోనే ఆయనకి మనవడు పుట్టాడు. ఇంకేం వస్తారు! ఇలా రోజులు గడుస్తుంటే బండి షెడ్డులో కొత్తపెళ్లికూతురిలా మెరుస్తూ కూర్చుంది. దాతలు అప్పుడప్పుడూ పిల్లల్ని తీసుకొచ్చి తమ పేర్లు చూపించుకుని వెళ్లేవారు. ఎంత చక్కటి వ్యవస్థ!

ఈ వ్యవస్థని మా అక్క చెడగొట్టింది.

"తమ్ముడూ, రేపు మీ బావకి డయాలిసిస్ ఉందిరా. ఎప్పుడూ తీసుకెళ్లే పక్కింటాయన ఊరెళ్లాడు. మీ వ్యాను పంపిస్తావా?" అని ఫోను చేసింది.

"రేపు శుక్రవారం కదే అక్కా! ఆదివారానికి మార్చమని ఆస్పత్రివాళ్లని అడక్కపోయావా?"

"కిడ్నీలు పోయింది మీ బావకిరా. నీకు బుర్ర ఎప్పుడు పోయింది?" అంది.

దాంతో నేనే నడిపాను. నేను స్టీరింగు పట్టుకుని చాలా కాలమైంది. పట్టుకున్న రోజుల్లో కూడా పక్కన కూర్చుని నడిపించింది మా ఆవిడే. డీజిల్ ముల్లు అట్టడుగున పడి ఉండటం చూశాను గానీ, అది వాడని బండి కదా, ముల్లు కూడా పడుకుందేమో అనుకున్నాను. బావని వియ్యంకుడుగారి సీట్లో కూర్చోబెట్టాం. బావ టైలరు. ఆయన కాళ్లు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. అయినా కుదురుగా కూర్చునే రకం కాదు. పెళ్లిలో కానుకలు చదివినట్టు బండిలో ఉన్న పేర్లన్నీ పైకి చదవడం మొదలెట్టాడు.

వంతెన ఎక్కుతుండగా బండి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవరు హారన్ కొడుతున్నారో అద్దంలో చూద్దామంటే డిగ్రీలు కనపడ్డాయి.

"ఏమోయ్ బావమరిదీ! ఇంతమంది ఉన్నారు కదా ఈ బండిలో, ఒక్కడూ దిగి తొయ్యడేం?" అన్నాడు బావ.

అని ఆయనే నవ్వాడు. ఆ నవ్వుకి ఆయాసం ఎత్తుకుంది. ఒంట్లో నీరు పట్టిన మనిషికి ఆయాసం వస్తే ఎలా ఉంటుందో నేనంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. మా సంఘం రోగుల గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! రోగిని చూడటం మాత్రం అదే మొదటిసారి.

డబ్బా పట్టుకుని బంకుకి పరుగెత్తి, రొప్పుకుంటూ తిరిగొచ్చి, ఎలాగో ఆస్పత్రి చేరాం. బావకి ఇవ్వాల్సిన డయాలిసిస్ మిషన్ మీద అప్పటికే ఇంకొకరున్నారు.

"మీరొస్తారో రారో తెలియకుండా మిషన్ ఖాళీగా ఉంచలేం కదా సార్. సాయంత్రం దాకా కూర్చోవాలి" అంది నర్సు. ఆమెని తప్పుపట్టడానికి ఏముంది?

బావ బల్ల మీద ముందుకి వంగి ఊపిరి కోసం అవస్థ పడుతూ కూర్చున్నాడు. అక్క పక్కన నిలబడి వీపు రాస్తోంది. నావైపు చూడలేదు. చడామడా తిట్టేసినా బాగుండేది. ప్రతి పైసా చేరాల్సిన చోటికి చేరింది. మా బావే వేళకి చేరలేదు.

ఆ వారమే మా సంఘం సమావేశంలో లేచి నిలబడ్డాను. జీతమిచ్చి ఒక డ్రైవరుని పెట్టుకుందామన్నాను.

అధ్యక్షుడు టీ కప్పు కింద పెట్టేశారు. "ఈ మాటనేది మీరేనా?" అంటూ నా వెనకున్న బ్యానరు చూపించారు. దాని మీద నా నినాదం, దాని కింద నా ఫొటో. "రేపు దాతలకి ఏం మొహం చూపిస్తాం?"

"మా బావ మొహం చూపిద్దామండీ" అన్నాను. ఎవరికీ చెవికెక్కలేదు.

వియ్యంకుడుగారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "ఒక వ్యాను ఆగిపోయిందనే కదా బాధ? ఇంకోటి కొనేద్దాం!" అన్నారు. హాలంతా చప్పట్లు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను. టీ చల్లారే లోపు రెండో వ్యాను సీట్లు, తలుపులు, అద్దాలు అన్నీ పంచేసుకున్నారు. వెనక తలుపు మళ్లీ నాకే ఉంచమంటారా అని అడిగారు. వద్దనాల్సింది. ఆలోచించి చెబుతానన్నాను.

ఆ రెండో వ్యాను కోసం పాఠకులు కరిగిపోయేలా ఒక విజ్ఞప్తి రాసే బాధ్యత ప్రచార కార్యదర్శికి అప్పగించారు. మీరిప్పుడు చదువుతున్నది అదే.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ధారాళంగా ఇవ్వండి! ఇచ్చేటప్పుడు 'డ్రైవరు జీతానికీ, డీజిల్‌కీ మాత్రమే' అని ఒక్క ముక్క జోడించండి. మా నిబంధనల ప్రకారం అలాంటి డబ్బు మేం తిప్పి పంపాలి. కానీ మా కోశాధికారి సంగతి మీకు తెలియదు. చేతికొచ్చిన డబ్బు తిప్పి పంపడమంటే ఆయనకి ప్రాణం పోయినట్టుంటుంది. నిబంధన గెలుస్తుందో, ఆయన గెలుస్తాడో నాకు ముందే తెలుసు.

కాస్త తొందరగా ఇవ్వండి. పక్కింటాయన ఇంకా ఊరి నుంచి రాలేదు. అప్పటిదాకా బండి నేనే నడుపుతున్నాను, వెనక సీట్లో మా బావ ఉంటున్నాడు.