రాయకోటకు ఒక కోడి, ఒక గుమ్మడికాయ, భువన

ఆదివారానికి భువన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కెలవరపల్లి డ్యాం నీళ్లలో జనాన్ని దాటించే పిల్లప్ప గుండ్రటి పుట్టి ఎక్కి అవతలి గట్టు చేరాలి. అక్కడ బస్సెక్కి హోసూరు స్టేషనుకు, స్టేషన్లో రైలెక్కి రాయకోటకు పోవాలి. కోట కొండ ఎక్కి, పైన కూర్చుని చిత్రాన్నం తిని, పొద్దు గూకేలోపల ఇల్లు చేరాలి. తోడు స్నేహితురాలు మోనిషా ఒక్కతే. పెద్దవాళ్లెవరూ రాకూడదు.

ఎందుకంటే ఇది పరీక్ష. ధర్మపురి కాలేజీలో భువనకు సీటు వచ్చింది. చేరితే రోజూ రైల్లో పోయి రావాలి.

"బస్సులో టికెట్ అడిగేదానికే నోరు పెగలదు నీకు. రోజూ రైల్లో ఎట్ల పోతావమ్మా?" అన్నాడు తండ్రి శేషప్ప. "ఒక్క దినం పెద్దోళ్ల సాయం లేకుండా రాయకోట పోయిరా. అప్పుడు చూద్దాం కాలేజీ సంగతి."

"ఊఁ" అన్నది భువన. ఎవరేమన్నా ఆమె చెప్పే జవాబు అదొక్కటే. చిక్కంతా అక్కడే మొదలైంది.

శనివారం కొళాయి దగ్గర అవ్వ వెంకటలక్ష్మమ్మ మనవరాలి గొప్ప చెప్పుకుంది. "మా భువన రేపు కొండకు పోతాంది." ఆ ఊళ్లో ఒకరు కొండకు పోతున్నారంటే, తీరకుండా మిగిలిన మొక్కులన్నీ వాళ్ల చేతికి వచ్చి చేరతాయి. తెల్లవారేసరికి ఆ వీధి చౌడమ్మ ఉప్పు, మిరియాల పొట్లంతో గుమ్మంలో నిలబడి ఉంది. మెడ మీది పులిపిరి రాలిపోతే కొండకు ఇస్తానని మొక్కుకుందట.

"మేము పోయేది కోట చూసేదానికి, చౌడత్తా," అన్నది మోనిషా.

"కొండ మీద దేవుడు లేకుండా ఉంటాడా? యాడో ఒక రాతి పక్కన ఉంటాడు. చూసి పెట్టు పాపా."

"ఊఁ" అన్నది భువన.

అవ్వ మాత్రం ఊరుకుంటుందా? తీగకు కాసిన మొదటి గుమ్మడికాయ తెచ్చి సంచిలో దూర్చింది. అది లోపలికి పోగానే చిత్రాన్నం డబ్బా బయటికి వచ్చేసింది. అంతలో పక్కింటి లింగప్ప చంకలో కోడిపుంజుతో దిగాడు. బోరులో నీళ్లు పడితే కొండ మీద కోడిని వదిలేస్తానని ఆయన మొక్కు.

"ఏ కొండకు మొక్కినావు మామా?" అని అడిగింది మోనిషా.

"కొండకని మొక్కినా. పేరు పెట్టలేదు. ఇది చానా నెమ్మదైన కోడి పాపా, మన భువన మాదిరే."

పుట్టి దగ్గర భువనకు ఒక ఆశ కలిగింది. బరువెక్కువని పిల్లప్ప సగం సామాను దించేస్తాడేమో అనుకుంది. పిల్లప్ప సామాను చూశాడు. "కొండకా? ఉండండమ్మా," అని తెడ్డు కింద పెట్టి ఇంటికి పోయాడు. చాలాసేపటికి టెంకాయల మూటతో తిరిగి వచ్చాడు.

"పోయినేడు పుట్టి తిరగబడినప్పుడు మొక్కుకున్నా."

"తిరగబడిందా?" అన్నది మోనిషా.

"ఇంత బరువుకు కాదులే," అని ధైర్యం చెప్పాడు పిల్లప్ప.

ఆ టెంకాయల వల్ల బస్సు ఒకటి తప్పిపోయింది. స్టేషన్లో టికెట్లు మోనిషానే అడగాల్సి వచ్చింది. రైలు కూత పెడుతుంటే ఇద్దరూ పరుగెత్తి, అందిన ఆఖరి పెట్టెలోకి ఎక్కారు. ఆ పరుగులో కోడి కాలి తాడు ఊడిపోయింది. నెమ్మదైన కోడి ఒక్క ఎగురు ఎగిరి, కిటికీ పక్కన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి తలపాగా మీద వాలింది. పేపరు కింద పడింది. దాని వెనక శేషప్ప ఉన్నాడు.

"నాయనా?" అన్నది భువన.

"టమోటా ధర కనుక్కుందామని..." అన్నాడు శేషప్ప, తలమీద కోడితోనే.

గోల విని టికెట్ కలెక్టర్ వచ్చాడు. కోడి ఎవరిదని, టికెట్ ఎక్కడుందని తమిళంలో అడిగాడు. శేషప్ప దగ్గర టికెట్ లేదు. క్యూలో నిలబడి ఉండగా కూతురు స్టేషన్లోకి వస్తూ కనబడింది. ఆమె కంట పడకూడదని క్యూ వదిలి రైలెక్కేశాడు. టమోటా మండీలో మూడు భాషల్లో బేరమాడే ఆ మనిషికి ఆ క్షణాన ఒక్క భాషా గుర్తు రాలేదు.

"ఊఁ" అన్నాడు.

"టికెట్ లేకుండా ఎక్కి ఊఁ అంటారేమండీ? వచ్చే స్టేషన్లో దిగండి, ఆఫీసులో మాట్లాడదాం."

తండ్రి చెవులు ఎర్రబడటం భువన చూసింది. గుమ్మడికాయను మోనిషా ఒడిలో పెట్టి లేచి నిలబడింది. బడిలో నేర్చుకున్న తమిళంలో, మాటలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"సార్, ఈయన మా నాయన. నేను సొంతంగా పోగలనో లేదో చూసేదానికి వచ్చినాడు. నాకు కనబడకూడదని క్యూ వదిలేసినాడు. తప్పు మాదే, జుల్మానా కడతాము. కోడి మాది కాదు సార్, దేవునిది. ఏ దేవునిదో ఇంకా తెలీదు."

పెట్టె పెట్టంతా నవ్వింది. కలెక్టర్ కూడా నవ్వుతూనే రసీదు రాశాడు. శేషప్ప జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు కానీ, కళ్లు మాత్రం కూతురి మీదనే ఉన్నాయి.

కొండ ఎక్కేటప్పుడు గుమ్మడికాయ శేషప్ప తలమీదికి మారింది. పైన పాత గోడ వారగా ఒక రాతికి ఎవరో పసుపు పూసి ఉన్నారు. చౌడమ్మ మాటే నిజమైంది. ఉప్పు, మిరియాలు, కాయలు అన్నీ ఆ రాతి ముందు పెట్టి, కోడిని వదిలారు. భువన చేతులు జోడించింది. మొక్కు తీర్చేటప్పుడు ఆమెకొక సంగతి తట్టింది. ఈ పిల్ల పోగలదా అని నాయన తప్ప ఊళ్లో ఒక్కరూ అడగలేదు. పోయి వస్తుందనే కదా తమ మొక్కులు చేతిలో పెట్టారు. పొద్దుటి నుంచి విసుక్కున్న బరువు మీద ఆమెకు ప్రేమ కలిగింది.

శేషప్ప తన చేతిసంచిలోంచి చిత్రాన్నం డబ్బా తీశాడు.

"గుమ్మంలోనే మరిచినావు. దీన్ని ఇచ్చేదానికే వచ్చినాననుకో." దూరంగా రైలు పట్టాల వైపు చూస్తూ అన్నాడు. "రైలు పాసుకు ఫోటో కావాలంట. రేపు పోయి తీయించుకో."

భువన డబ్బా మూత తీసింది. తండ్రి చేతిలో మొదటి ముద్ద పెట్టింది.

సాయంత్రం గుమ్మంలోనే అవ్వ ఎదురైంది. "పెద్దోళ్ల సాయం లేకుండానే పోయొచ్చినావా?"

భువన తండ్రి వైపు చూసి, "ఊఁ" అన్నది.

తాను పొద్దంతా టమోటా చేన్లోనే ఉన్నానన్నాడు శేషప్ప. అతని తలపాగాలో ఇరుక్కున్న కోడి ఈక మాత్రం ఆ మాటకు ఊఁ అనలేదు.