పొట్టేలు పట్టాభిషేకం

ఆ రోజు పొద్దున రామ్‌చందర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎండ ముదరకముందే పొట్టేలికి పట్టాభిషేకం, భోజనాలయ్యాక దాన్ని మంచం మీద పడుకోబెట్టి ఆఖరి సీను, సాయంత్రం బస్సుకు కెమెరా తిరుగు ప్రయాణం. ఇంతకన్నా పెద్ద ప్రణాళికలు చాలా వేసి, అవన్నీ బెడిసికొట్టి, అలిసిపోయిన మనిషి అతను.

రామ్‌చందర్‌కు పాల్వంచలో గుమాస్తా ఉద్యోగం. దానితోపాటు కాలేజీ రోజుల నుంచీ వదలని నాటకాల పిచ్చి. హైదరాబాదులో టీవీ ఆఫీసరు ఒకాయన ఇతన్ని వదిలించుకోవడానికో, జాలిపడో, "నెలాఖరులోగా అరగంట సినిమా తీసి తెండి, చూద్దాం" అన్నాడు. జీవితంలో తనతో ఎవరూ అంత దూరం మాట్లాడలేదు కాబట్టి, రామ్‌చందర్ ఆ "చూద్దాం" పట్టుకుని సెలవు పెట్టేశాడు. ఈసారి కూడా కాకపోతే ఇక ఫైళ్లే గతి అని భార్యకు మాటిచ్చాడు. భార్య చాంది ఆ మాటను నమ్మలేదు గానీ, రొట్టెలు మూటకట్టుకుని వెంట వచ్చింది.

తీస్తున్నది కాలేజీలో ఇంగ్లీషు పాఠంగా చదువుకున్న ఒక పాత కథ. కొట్టంలోని జంతువులన్నీ ఏకమై దొరను తరిమేస్తాయి. ముందు నడిచిన జంతువును అన్నీ కలిసి పెద్దను చేస్తాయి. అది మెల్లగా దొర మంచమెక్కి, దొరకన్నా పెద్ద దొర అవుతుంది. రాజకీయమంతా అందులోనే ఉందని రామ్‌చందర్ నమ్మకం. అసలు కథలో ఆ నాయకుడు పంది. పందిని మంచం మీద పడుకోబెట్టడం తన వల్ల కాదని తేలాక ఆ వేషం పొట్టేలికి ఇచ్చాడు. గాడిద దొరక్కపోతే దాని డైలాగులు దున్నపోతుకు రాశాడు. కథ ఆత్మ మాత్రం చెడలేదని తనకు తానే చెప్పుకున్నాడు.

భద్రాచలం రోడ్డు దిగి, అడవిలో వాగు దాటితే వచ్చే గూడెం షూటింగు స్థలం. పొట్టేలు ఆ గూడెంలోని చిన్నక్కది. పుట్టగానే తల్లి చస్తే, చిన్నక్క దాన్ని మేకపాలు పట్టి పెంచింది. కన్నబిడ్డలు లేని మనిషి, దాన్ని "పెద్దోడా" అని పిలుస్తుంది. అది ఆ పిలుపు అందుకునే తీరు చూసే రామ్‌చందర్ దాన్ని నాయకుణ్ణి చేశాడు.

"ఎట్ల ఇస్తున్ననో గట్లనే తిరిగియ్యాలె సారూ," అంది చిన్నక్క తాడు అందిస్తూ.

"వెంట్రుక రాలనియ్యను," అన్నాడు రామ్‌చందర్.

కెమెరా మనిషి దేవ్లా ఖమ్మంలో పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు. ఆ సాయంత్రం మధిరలో ఒక పెళ్లి ఉందని పొద్దున్నుంచీ గుర్తు చేస్తూనే ఉన్నాడు. అలవాటు చొప్పున దున్నపోతును కూడా "జర ఇటు చూడుండ్రి, నవ్వుండ్రి" అంటున్నాడు. పట్టాభిషేకం సీను అతని కంటికి ఆనలేదు.

"ఉత్త పొట్టేలు నిలవడితే ఏముంటది సార్? పసుపు లేదు, బొట్టు లేదు. చూసేటోళ్లు ఏందనుకుంటరు?"

"అది రాజకీయ నాయకుడు, పెండ్లికొడుకు కాదు."

"నాయకులకు మాత్రం దండలు వెయ్యరా?"

రామ్‌చందర్ సరేనని తలూపాడు. దేవ్లా సంచిలోంచి మధిర పెళ్లి కోసం తెచ్చిన పసుపు, కుంకుమ, బంతిపూల దండ బయటికి వచ్చాయి. వెలుగు బాగుందని దేవ్లాయే అందర్నీ గ్రామదేవత ముత్యాలమ్మ గద్దె ముందుకు నడిపించాడు. వెనక సంగీతానికి గూడెంలో డోలు కొట్టే బొజ్జయ్యను కూర్చోబెట్టారు. పొట్టేలికి బొట్టు పెట్టి, దండ వేసి, కెమెరా తిరుగుతుండగా రామ్‌చందర్ స్వయంగా ఒక చెంబెడు పసుపు నీళ్లు దాని వీపు మీద పోశాడు. బొజ్జయ్య చేతులు అలవాటు కొద్దీ అమ్మవారి జాతర దరువు అందుకున్నాయి. పెద్దోడు నిలబడ్డ చోటనే తల నుంచి తోక దాకా గట్టిగా ఒళ్లు విదిలించాడు.

"శభాష్! కట్!" అని అరిచాడు రామ్‌చందర్.

చప్పట్లు పడలేదు. డోలు ఆగిపోయింది. వేపచెట్టు నీడన చుట్ట తాగుతున్న పగిడయ్య లేచి నిలబడి, చుట్ట పారేసి, రెండు చేతులూ జోడించాడు. గూడెం పెద్ద అతనే, అమ్మవారి పూజలు చేసేదీ అతనే.

"అమ్మ ఒప్పుకుంది," అన్నాడు పగిడయ్య.

రామ్‌చందర్ తండాలో పుట్టినవాడే. గద్దె ముందు జీవం మీద పసుపు నీళ్లు పోయడం ఎందుకో, అది ఒళ్లు విదిలిస్తే అర్థం ఏమిటో అతనికి తెలియనిది కాదు. కానీ డైరెక్టరైన మనిషికి కెమెరాలో కనిపించేది తప్ప మరొకటి గుర్తుండదు. ఇప్పుడు గుర్తొచ్చి పగిడయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"పగిడయ్యా, ఇది మొక్కు కాదే. ఉత్త యాక్టింగు."

"యాక్టింగు నువ్వు చేసినవ్ బిడ్డా. పొట్టేలు చెయ్యలే గద."

చిన్నక్క పొట్టేలు వైపే చూస్తోంది. ఒకసారి అమ్మ ఒప్పుకున్న జీవాన్ని మళ్లీ తాడుతో కట్టకూడదు, కొట్టకూడదు, అదిలించకూడదు. మొక్కు తీరిన నాడు అమ్మకు బలి ఇచ్చెయ్యాలి. గూడెం పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. పగిడయ్య తనే వంగి పెద్దోడి మెడలో తాడు విప్పాడు.

"నీళ్లు వోసింది నువ్వు. అంటే మొక్కు నీది. ఏం మొక్కుకున్నవ్?"

తొమ్మిదేళ్లుగా అవకాశాల కోసం తిరిగి తిరిగి, పొద్దున్నుంచీ జంతువులతో అరిచి అరిచి అలిసిపోయి ఉన్నాడు రామ్‌చందర్. అలిసిపోయిన మనిషికి అబద్ధం తొందరగా తట్టదు. మనసులో ఉన్నదే నోట్లోంచి వచ్చింది.

"ఈ సినిమా పూర్తి కావాలె అని."

"మంచిది. సినిమా పూర్తి అయిన నాడు అమ్మకు ఇద్దం," అని తీర్పు చెప్పి పగిడయ్య కూర్చున్నాడు.

చాంది నుదురు కొట్టుకుంది. "ట్రాన్స్‌ఫర్ కావాలె అని చెప్తె పోయేది గద? అది ఎట్లాగు రాదు, పొట్టేలు నూరేండ్లు బతుకుతుండె!"

"మాట మారుస్త పగిడయ్యా," అన్నాడు రామ్‌చందర్ ఆశగా.

"ఆఫీసుల మార్చుకోండ్రి. ఇక్కడ నడువది."

అప్పటిదాకా సినిమా ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూసినవాడు రామ్‌చందర్ ఒక్కడే. ఇప్పుడు గూడెమంతా అతన్ని అదే అడగడం మొదలుపెట్టింది. మగవాళ్లు విందు ఎప్పుడని అడిగారు. చిన్నక్క మాత్రం దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఇంక ఎంత ఉంది సారూ, సినిమా?"

"ఒక్క సీను," అన్నాడు రామ్‌చందర్, ఆమె ముఖంలోకి చూడలేక.

ఈలోగా పెద్దోడికి తన మెడలో తాడు లేదన్న సంగతి అర్థమైంది. ముందు బొజ్జయ్య పెరట్లో మిరపనారు మేశాడు. బొజ్జయ్య కర్ర ఎత్తి, పగిడయ్య చూపు తగిలి, ఆ కర్రతోనే వీపు గోక్కున్నాడు. తర్వాత చాంది మూటలో రొట్టెలు తిన్నాడు. ఆడవాళ్లు బొట్లు పెట్టారు, పిల్లలు లేత ఆకులు తెచ్చి నోటికి అందించారు. తిన్నంత తిని పెద్దోడు నెమ్మదిగా నడిచి వెళ్లి, షూటింగు కోసం నీడన వేసిన దొర మంచం ఎక్కి పడుకుని నెమరు వేయసాగాడు. చుట్టూ జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. దున్నపోతు, మేకలు కూడా మెడలెత్తి అటే చూస్తున్నాయి.

రామ్‌చందర్ రెండడుగులు ముందుకు వేశాడు. అతను రాసుకున్న ఆఖరి సీను అదే. రాసుకున్నదానికన్నా బాగుంది. ఏ నటుడికీ చెప్పి చేయించలేని భయభక్తులు ఆ ముఖాల్లో ఉన్నాయి.

"దేవ్లా! తియ్యి! జల్దీ!"

దేవ్లా కెమెరా భుజానికెత్తేసరికి ఎదురుగా చిన్నక్క వచ్చి నిలబడింది. కొంగు రెండు చేతులా చాపి కెమెరాకు అడ్డంగా పట్టింది.

"ఇది తీస్తె అయిపోతదా సారూ?"

ఆమె కళ్లు నిండి ఉన్నాయి. ఎట్ల ఇస్తున్ననో గట్లనే ఇయ్యాలె అన్న మాట ఆమె మళ్లీ అనలేదు, అంటే బాగుండేది. రామ్‌చందర్‌కు ఏడుపు వచ్చింది. ఆమె కోసమో, తన సినిమా కోసమో చెప్పడం కష్టం. రెండూ ఒకే మంచం మీద పడుకుని నెమరు వేస్తున్నాయి.

"సార్, మధిరల ముహూర్తం దాటిపోతది," అన్నాడు దేవ్లా.

"కెమెరా పెట్టెల పెట్టు," అన్నాడు రామ్‌చందర్.

తిరుగు బస్సులో చాంది అతని భుజం మీద చెయ్యి వేసి, "పోనియ్యి. ఫైళ్లు ఎక్కడికి పోవు," అంది. అంత ఓదార్పు అతను ఎన్నడూ వినలేదు.

నెలాఖరు వచ్చింది, పోయింది. సంవత్సరం తిరిగింది. ఒకనాడు పొద్దున ఆఫీసు తలుపు దగ్గర పగిడయ్య, బొజ్జయ్య, చిన్నక్క చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు.

"సారూ, నీ సినిమా జల్దీ పూర్తి చెయ్యాలె," అన్నాడు పగిడయ్య. మనిషి బాగా చిక్కిపోయాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు చెప్పు! కొట్టొద్దాయె, కట్టొద్దాయె. నారు ఉంచడు, చేను ఉంచడు. నా మంచం మీద వాడు పండుకుంటుండు, నేను కింద పండుకుంటున్న."

"నా డోలు చింపిండు," అన్నాడు బొజ్జయ్య. "ఇగ దేనితోని కొట్టాలె?"

రామ్‌చందర్ చిన్నక్క వైపు తిరిగాడు. ఆమె తల దించుకుంది.

"నన్నే కుమ్మిండు సారూ. పెద్దోడా అంటె పలుకుత లేడు. పాలు వట్టి పెంచిన. నేనెవరో తెల్వనట్టు చూస్తడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పూర్తి చెయ్యి. నాది గూడ అదే మాట."

రామ్‌చందర్‌కు ఒక్కసారిగా వయసు తగ్గినట్టు అనిపించింది. వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పక్క గదిలోకి పరుగెత్తి హైదరాబాదుకు ట్రంకాల్ చేశాడు. పాత ఆఫీసరు మారిపోయాడు. కొత్తాయన కథంతా విని, "తీసి తెండి, చూద్దాం" అన్నాడు. ఆ వెంటనే రామ్‌చందర్ ఖమ్మంలో దేవ్లాకు ఫోను చేశాడు. ఆదివారం పెళ్లిళ్లు లేవని దేవ్లా అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి అన్నీ ఒకదానికొకటి కలిశాయి.

"ఆదివారం వస్త," అన్నాడు తిరిగి వచ్చి. "వాడు మంచం మీద ఎట్లాగు పండుకునే ఉంటడు. ఒక్క గడియ పని. ఆ తర్వాత మీ మొక్కు మీరు తీర్చుకోండ్రి."

బెంచీ మీద ముగ్గురూ టీ గ్లాసులు కింద పెట్టారు.

"ఈ ఆదివారమేనా?" అంది చిన్నక్క.

"ఆదివారం నాకు జర పని ఉంది," అన్నాడు బొజ్జయ్య.

"మీరే కదా జల్దీ అన్నరు?"

"అన్నం సారూ. కాని..." బొజ్జయ్య పగిడయ్య వైపు చూశాడు. "మొన్న కోడి కావాల్నని ఫారెస్టు గార్డు వస్తె పెద్దోడు వాగు దాక తరిమిండు. అప్పటి సంది గార్డు మా దిక్కు వస్తలేడు."

"వాడు పోతె గార్డు మల్ల వస్తడు," అంది చిన్నక్క వెంటనే, అందిన కొమ్మ పట్టుకున్నట్టు.

"మరి చేను తింటుండు అన్నరు గద!"

"తింటుండు," అని పగిడయ్య ఒప్పుకున్నాడు. "అయితె గార్డు తినేదానికన్న తక్కువనే. పంట ఇంటికి చేరినాంక మాట్లాడుకుందం బిడ్డా. కింద పండుకునుడు నడుముకు గూడ మంచిదే అంటరు."

రామ్‌చందర్ వాళ్లతో వాదించలేదు. ఈ కథను అతను చాలాసార్లు చదివాడు. వాళ్లను బస్సెక్కించి, దేవ్లాకు మళ్లీ ఫోను చేసి వద్దని చెప్పి, చీకటి పడే వేళకు ఇల్లు చేరాడు.

"గూడెపోళ్లు వచ్చిన్రట. ఏమన్నరు?" అంది చాంది.

"చూద్దాం అన్నరు," అన్నాడు రామ్‌చందర్.

ఆ విధంగా పెద్దోడు రెండోసారి కూడా ఏకగ్రీవంగా నెగ్గాడు, ఈసారి పసుపు నీళ్ల అవసరం కూడా లేకుండా.