దంపుడు కారం, కర్టెన్ రాడ్డు

ఆ రోజు కోసం సలీం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున తొమ్మిదికి బావమరిది ఇషాక్ వస్తాడు. పదకొండులోగా పడగ్గది కిటికీ మీద కర్టెన్ రాడ్డు బిగిస్తాడు. ఆ తర్వాత సలీం కళ్లాసుపత్రికి వెళ్లి, సాయంత్రం నాలుగింటికి ఆపరేషనైన తల్లిని ఆటోలో తీసుకొచ్చి చీకటి గదిలో పడుకోబెడతాడు. ఆర్టీసీలో కండక్టరు కాబట్టి టైము ప్రకారం ఆలోచించడం అతనికి అలవాటు. ఏదీ టైము ప్రకారం జరగకపోవడం కూడా అలవాటే.

తల్లి జైతున్‌బీ దర్శిలో నలభై ఏళ్లుగా పరుపులు కుట్టింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న రెండో కంటికి శుక్లం కమ్మింది. ఈ ఆపరేషన్ బాగా జరిగితే ఆమె మళ్లీ సూది పడుతుంది, లేకపోతే లేదు. డాక్టరుగారు ముందే గట్టిగా చెప్పారు: "పది రోజులు ఎండ వెలుతురు కంట్లో పడకూడదు. దుమ్మూ ధూళీ తగలకూడదు. ముఖ్యంగా తుమ్మకూడదు, దగ్గకూడదు. కుట్లు కదిలాయంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు."

గుంటూరు బ్రాడీపేటలో సలీం, అతని భార్య గుల్షన్ అద్దెకుంటున్న మేడమీద వాటా ఆ ఆసుపత్రికి రెండు వీధుల దూరం. అన్నీ బాగున్నాయి గానీ, పడగ్గది కిటికీ పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు దాటితే ఆ గదిలో వడియాలు పెట్టుకోవచ్చు. అందుకని జైతున్‌బీయే తన మసక కంటితో, సగం తడుముకుంటూ, చారల పరుపుగుడ్డ రెండు మడతలేసి ఒక కర్టెను కుట్టి తెచ్చింది. రింగులు కూడా తనే కుట్టింది. వెలుతురు కాదు కదా, వాన కూడా దాటలేని కర్టెను అది. ఎత్తితే ఏడాది పిల్లంత బరువుంది. పురికొసతో కిటికీ ఊచలకు కడితే ఊచలు నిలిచాయి గానీ పురికొస నిలవలేదు. కిటికీ చట్రం సిమెంటుది, దానికి స్క్రూ ఎక్కదు. కాబట్టి గోడకు రెండు కన్నాలు పొడిచి, చెక్క బిరడాలు దిగ్గొట్టి, బ్రాకెట్లు బిగించి, వాటి మీద ఇనప రాడ్డు వేయాల్సిందే.

ఇక్కడే ఉంది చిక్కు. ఇంటి యజమాని వెంకటనారాయణగారు రిటైరైన హెడ్ గుమాస్తా. కింద వాటాలో ఉంటారు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు స్టాంపు కాగితం మీద పద్నాలుగు షరతులు స్వహస్తాలతో రాసుకున్నారు. మొదటిది, గోడలకు మేకులు కొట్టరాదు. రెండోది, బంధువులు మూడు రోజులకు మించి ఉండరాదు. మిగతా పన్నెండూ ఈ రెండింటికీ కాపలా. అంతకుముందున్న వాళ్లు క్యాలెండరు కోసం చిన్న శీల కొడితే, ఆ నెలాఖరుకే ఖాళీ చేయించారట. సలీం ఒకసారి మాటవరసకి కదిపి చూశాడు.

"ఈ రోజు మేకంటావు. ఒప్పుకుంటే రేపు మంచం కూడా గోడకే వేలాడదీస్తావు" అన్నారు వెంకటనారాయణగారు.

తల్లి పది రోజులు ఉండబోతున్న సంగతి ఇక చెప్పలేదు.

ఇషాక్ వడ్రంగి. గుల్షన్‌కి అన్న. తొమ్మిదింటికి సుత్తి, ఉలి, బ్రాకెట్లు కూరగాయల సంచిలో పెట్టుకుని, పైన తోటకూర కట్ట కప్పి, దొంగలా మేడెక్కాడు. డ్రిల్లింగ్ మిషనైతే వీధంతా వినపడుతుందని తేలేదు. తీరా సుత్తితో గోడ మీద ఒక్క దెబ్బ వేశాడో లేదో, కింద వెంకటనారాయణగారు పేపరు మడిచిన చప్పుడైంది.

"ఏంటమ్మా ఆ దెబ్బలు?" అని గొంతు వినపడింది.

ఇషాక్ స్టూలు మీద బిగుసుకుపోయాడు.  గుల్షన్ మాత్రం క్షణం ఆలోచించలేదు.

"కారం దంచుకుంటున్నామండీ బాబాయిగారూ!"

గుంటూరులో ఏప్రిల్ నెలలో ఇంతకంటే నమ్మదగ్గ మాట లేదు. కింద పేపరు మళ్లీ విప్పుకున్న చప్పుడైంది. అబద్ధమాడాక దాన్ని నిలబెట్టాలి కాబట్టి, జైతున్‌బీ దర్శి నుంచి తెచ్చిన రెండు కేజీల మిరపకాయలు గుల్షన్ హాల్లోకి తెచ్చి, తొడిమలు గిల్లి రోట్లో పోసింది. అసలు ఈ ఘట్టంలో ముగ్గురిలో ఒక్కరికైనా డాక్టరు మాట గుర్తు రావాలి. రాలేదు. దుమ్మంటే రోడ్డు మీదది, పొగంటే బస్సుది. మిరపకాయ ఘాటు ఆ ఊరివాళ్ల లెక్కలో గాలిలో ఒక భాగం.

సలీం హాలుకీ పడగ్గదికీ మధ్య గుమ్మంలో నిలబడ్డాడు. రోకలి పైకి లేవగానే చెయ్యెత్తి, కిందకి దిగబోతుండగా "రైట్!" అనేవాడు. ఆ మాటకి లోపల సుత్తి పడేది. రెండు చప్పుళ్లూ కలిసిపోయి ఒక్కటిగా వినపడేవి. గంటలో మొదటి కన్నం పూర్తయింది.

"చూశావా బావా, పని అంటే ఇలా ఉండాలి" అన్నాడు సలీం. పదకొండవుతుండగా ఆసుపత్రికి వెళ్లిపోయాడు. సంతోషం అతనికి అక్కడితో సరి.

అతను వీధి చివరకి చేరాడో లేదో యజమానురాలు సుబ్బరావమ్మగారు చేటనిండా మిరపకాయలతో మేడెక్కారు.

"రోకటి చప్పుడు విని ఎన్నేళ్లయిందమ్మాయ్! అందరం మిల్లుకి పంపించడమే అయిపోయింది. మిల్లు కారానికి రంగుంటుంది గానీ రుచేదీ? ఎలాగూ దంచుతున్నావుగా, మావీ ఇందులో వెయ్యి. నేనూ ఓ చెయ్యి వేస్తాలే."

గుల్షన్ పడగ్గది తలుపు కాలితో మూసింది. ఆ వెనకే పక్కింటి కోటేశ్వరి మూడు కేజీలతో దిగింది. ఎవరింట్లోనైనా రోలు పెడితే చుట్టుపక్కల వాళ్లు తలో చెయ్యి వేసి తలా కాస్త దంచుకుపోవడం ఆ ప్రాంతంలో పాత మర్యాద. మర్యాద గుర్తొచ్చిన వాళ్లు మధ్యాహ్నానికి ఏడుగురయ్యారు. ఒకరు వెల్లుల్లి తెచ్చారు, ఇంకొకరు మెంతిపిండి. మూడో ఆవిడ ఏమీ తేలేదు గానీ రెండో రోకలి తెచ్చింది.

దంచినంతసేపూ లోపల ఇషాక్ నిశ్చింతగా రెండో కన్నం పొడుచుకున్నాడు. చిక్కల్లా, ఆడవాళ్లు కబుర్ల కోసం రోకలి ఆపినప్పుడు ఆ సంగతి అతనికి తెలిసేది కాదు.

"మనం ఆపినా ఎక్కడో దంచుతూనే ఉన్నారే?" అంది కోటేశ్వరి చెవి రిక్కించి.

"వెనక వీధిలో కూడానంట అక్కా" అంది గుల్షన్.

ఇంతలో పడగ్గదిలోంచి పెద్ద తుమ్ము వినపడింది. దాని వెనకే మరో మూడు.

"లోపలెవరమ్మా?" అన్నారు సుబ్బరావమ్మగారు.

"మా అన్నయ్యండి."

"మరి తలుపెందుకేసుకున్నాడు?"

గుల్షన్ రోట్లోకి వంగి మిరపకాయలు ఎగదోసింది. కోటేశ్వరే ఆదుకుంది.

"పెళ్లికొడుకేమో పిన్నిగారూ! ఇంతంత కారం దంచుతుంటే ఏదో శుభకార్యమని నాకు అప్పుడే అనుమానమొచ్చింది. గుమ్మం దాటకూడదని గదిలో కూర్చోబెట్టి ఉంటారు."

"అంతేనా అమ్మాయ్?"

"ఆ" అంది గుల్షన్, ఇంకేమనాలో తెలియక.

ముగ్గురు పిల్లల తండ్రి ఇషాక్ ఈ మాట తలుపు అవతలనుంచి విన్నాడు. ఇంటి దగ్గర అతని భార్య మెహర్ సంగతి తెలిసినవాళ్లెవరూ అతను కంగారుపడినందుకు తప్పు పట్టరు. సుత్తి ఉలి మీద కాకుండా గోడ మీద పడింది. పళ్లెమంత ప్లాస్టరు పెచ్చు దభీమని ఊడి పడింది.

"అయ్యో, పెళ్లికొడుకు పడ్డట్టున్నాడే!" అన్నారు అందరూ.

"పడలేదండీ, బానే ఉన్నా!" అని లోపల్నించి ఏడుపు గొంతుతో జవాబొచ్చింది.

సుబ్బరావమ్మగారు మెట్ల మీదనుంచే సంతోషంగా భర్తకు కేక పెట్టారు. "ఏవండీ, పైన పెళ్లంటండీ! మనకింకా చెప్పనే లేదు!"

వెంకటనారాయణగారికి పెళ్లి అంటే బంధువులు. బంధువులంటే రెండో షరతు. ఆయన బీరువా తెరిచారు.

గోడ గడియారం మూడున్నర కొట్టింది. గుల్షన్ తలెత్తి చూసింది. హాల్లో ఏడుగురు ఆడవాళ్లు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని తుమ్ముతున్నారు, దగ్గుతున్నారు, కళ్లు తుడుచుకుంటూ నవ్వుకుంటున్నారు. గది నిండా ఎర్రటి మబ్బు ఆడుతోంది. తుమ్మకూడదు, దగ్గకూడదు అన్న డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకి.  ఇంకో అరగంటలో అత్త ఈ మెట్లెక్కుతుంది. ఆ ఒక్క కన్నూ తన చేతులతో తనే తీసినట్టవుతుంది. పరుగున వెళ్లి కిటికీలన్నీ తెరిచింది. దంపుడు కారం ఘాటు కిటికీ తెరిస్తే పోయేదైతే గుంటూరుకు ఇంత పేరెందుకొస్తుంది?

సరిగ్గా అప్పుడే వెంకటనారాయణగారు స్టాంపు కాగితంతో వచ్చారు. "రెండో షరతు ఏమని..." అంటూ మొదలెట్టి వరసగా ఏడు తుమ్ములు తుమ్మారు. ఎనిమిదో తుమ్ముకి ఆసరా కోసం పడగ్గది తలుపు పట్టుకుంటే అది తెరుచుకుంది. లోపల స్టూలు మీద, తలనుంచి కాళ్లదాకా తెల్లటి సున్నపు దుమ్ముతో, చేతిలో సుత్తితో ఇషాక్ నిలబడి ఉన్నాడు. పక్కన గోడకు రెండు కన్నాలు, వాటి మధ్య ఓ గుంట.

"ఇదేం నలుగమ్మా?" అంది కోటేశ్వరి.

వెంకటనారాయణగారు ఆ గుంటను కన్నార్పకుండా చూశారు. సొంత పిల్లాడికి దెబ్బ తగిలినా ఆయన ముఖం అలా అయ్యేది కాదేమో.

కింద ఆటో ఆగింది. గుల్షన్ ఎవరికీ జవాబు చెప్పకుండా మెట్లమీంచి దూకినట్టు దిగింది. సలీం తల్లిని నెమ్మదిగా దింపుతున్నాడు. కంటికి కట్టు, దాని మీద నల్లద్దాలు.

"పైకి తీసుకురావద్దు! అత్తా, ఒక్క అడుగు కూడా వెయ్యద్దు. ఇల్లంతా కారం చేసిపెట్టాను. నీ కన్ను పోతుందత్తా!" అని వీధిలోనే బావురుమంది.

సగం ఏడుస్తూ, సగం తుమ్ముతూ అంతా చెప్పేసింది. రాడ్డు, కన్నాలు, కారం, లేని పెళ్లి, ఏదీ దాచలేదు. సలీం నిలువునా నీరైపోయాడు.

"ఊరుకోవే పిచ్చిదానా. నేను మిరపకల్లాల్లో పుట్టినదాన్ని. నన్నేం చేస్తుంది?" అని కోడలి తల తడిమింది జైతున్‌బీ. అంటూనే ముక్కు మీద చెయ్యి వేసుకుంది. పైనుంచి దిగే గాలి మెల్లగా అక్కడికీ వస్తోంది.

"తుమ్మకు వదినా, తుమ్మకు!" అంటూ, గుల్షన్ వెనకే దిగి అంతా విన్న సుబ్బరావమ్మగారు ఒక్క అంగలో వచ్చి, తన కొంగు జైతున్‌బీ ముక్కుకి అడ్డం పెట్టి, భుజం పట్టుకుని, తిన్నగా కింద వాటాలోని తన పడగ్గదిలోకి నడిపించి తలుపు మూశారు. జైతున్‌బీ తుమ్మలేదు. సలీం అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

పిల్లిలా వెంట వెళ్లిన అతనికి ఆ గదిలో ఒక వింత కనిపించింది. పెళ్లినాటి ఫొటోలు, గడియారం, మూడేళ్ల క్యాలెండర్లు అన్నీ నేల మీద గోడకు చేరగిలబడి ఉన్నాయి. గోడకు ఒక్క శీల లేదు. కిటికీకి తెర లేదు. నాలుగింటి ఎండ మంచం నిండా పరుచుకుని ఉంది.

"పన్నెండేళ్లనుంచి ఈ ఎండ మొహాన పెట్టుకుని పడుకుంటున్నా" అన్నారు సుబ్బరావమ్మగారు, జైతున్‌బీకి గొడుగు అడ్డం పట్టుకుని. "ఏమయ్యా పెళ్లికొడకా, సుత్తి తీసుకుని కిందకి రా!"

వెంకటనారాయణగారు గుమ్మంలోకి వచ్చారు. "సుబ్బూ, అగ్రిమెంటులో..."

"నా చేత ఏనాడన్నా సంతకం పెట్టించారా?"

ఆయన కాగితం తిరగేసి చూశారు. నిజమే, పెట్టించలేదు.

ఇషాక్ వచ్చాడు. చారల కర్టెనూ వచ్చింది. ఉలి గోడకు ఆనించగానే వెంకటనారాయణగారు కళ్లు మూసుకున్నారు. మొదటి దెబ్బకు ఒక కన్ను తెరిచారు. మూడో దెబ్బకి, "అలా కాదయ్యా, ప్లాస్టరు లేచిపోతుంది. ఉండు" అంటూ ఆయనే పెన్సిలూ ముప్ఫై ఏళ్లనాటి ఆఫీసు స్కేలూ తెచ్చి గుర్తులు పెట్టారు. అయిదింటికి రాడ్డెక్కింది. గది చల్లగా చీకటి పడింది. జైతున్‌బీ గుండెల మీద చెయ్యేసుకుని హాయిగా నిద్రపోయింది.

మూడు రోజులు గడిచాయి. పైన కారం దుమ్మంతా కడిగి, తుడిచి, సలీం తల్లిని తీసుకెళ్లడానికి వచ్చాడు. వెంకటనారాయణగారు అడ్డుపడ్డారు.

"రెండో షరతు మేడమీద వాటాకి. ఆవిడ మా ఇంట్లో ఉంది. మాకు షరతుల్లేవు."

లోపల సుబ్బరావమ్మగారు జైతున్‌బీ కంట్లో చుక్కలు వేస్తున్నారు.

కట్టు మర్నాడే విప్పారు గానీ, మసక వారం దాకా ఉంటుందన్నారు డాక్టరుగారు. ఆ వారమంతా సలీం టిక్కెట్లు కొడుతున్నా ధ్యాస ఇంటి మీదే. ఎనిమిదో రోజు సాయంత్రం అందరూ మంచం చుట్టూ కూర్చుని ఉండగా జైతున్‌బీ నల్లద్దాలు తీసింది. చాలాసేపు కిటికీ వైపు చూసింది.  సలీం మంచం మీదకి వంగాడు.

"అమ్మా, ఏమైనా కనపడుతోందా?"

"ఎవర్రా ఈ రాడ్డు బిగించింది?" అంది జైతున్‌బీ. "ఎడమ పక్క వేలెడు కిందకి దిగింది."

సలీం తల్లి కాళ్ల మీద పడి భోరుమన్నాడు. గుల్షన్, సుబ్బరావమ్మగారు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. వెంకటనారాయణగారు స్కేలు తెచ్చి కొలిచారు. రెండుసార్లు కొలిచి, కళ్లద్దాలు తుడుచుకుని, ఇంకో కన్నం పొడవడానికి ఇషాక్‌కు ఫోను చేశారు.