పగలగొట్టకుండా పరీక్ష

"ఇక మీదట ఈ రాష్ట్రంలో ఏ యంత్రాన్నీ పగలగొట్టి పరీక్ష చేయడానికి వీల్లేదు" అని పారిశ్రామిక భద్రత శాఖ మంత్రి సూర్యప్రకాశరావుగారు 1991లో జూబ్లీహిల్స్‌లోని తమ ఇంటి లాన్ మీద నిలబడి ప్రకటించారు. అంతకుముందు ఎవరైనా అలా పగలగొట్టి పరీక్ష చేసేవారా అని నేను అడగలేదు. అసలు పరీక్షే చేసేవారు కాదని అక్కడున్న అందరికీ తెలుసు. నేనప్పుడు ఒక దినపత్రికలో సినిమా పేజీ రాసేవాణ్ణి. మంత్రిగారి వార్త నా పేజీలోకి ఎందుకొచ్చిందో చెబుతాను.

ఫిల్మ్‌నగర్ కొండ మీద ఒక స్టూడియోలో షూటింగ్ క్రేన్ ఉండేది. ఆ వేసవిలో దాని చేయి అతుకు దగ్గర విరిగి, పైన కూర్చున్న లైట్‌మేన్ కింద పడ్డాడు. స్టూడియోవాళ్లు ఆ అతుకుకి మళ్లీ వెల్డింగ్ పెట్టించి, పసుపు రంగు వేయించి, గుమ్మడికాయ కొట్టించారు. అయినా పత్రికలు ఊరుకోలేదు. అప్పుడు మంత్రిగారు విదేశాల పద్ధతిని మనకు తెచ్చిపెట్టారు. వస్తువును కోయకుండా, విరవకుండా, దానిలో పగుళ్లున్నాయేమో రంగునీళ్లతోనూ ఎక్స్‌రేతోనూ కనిపెట్టడం ఆ పద్ధతి. అందుకు సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్లు కావాలి. ఆ ఇన్‌స్పెక్టర్లు సరిగ్గా చేస్తున్నారో లేదో చూడడానికి ఢిల్లీ నుంచి ఆడిట్ రావాలి. రాష్ట్రంలో బాయిలర్లున్న ఫ్యాక్టరీలు బోలెడున్నా, ఫొటోలు బాగా వస్తాయని ఫిల్మ్‌నగర్ క్రేన్‌తో మొదలుపెట్టారు.

"పరీక్షించిన క్రేన్ మీద మొదట నేనే కూర్చుంటానండీ. ముప్పై అడుగుల పైనుంచి ప్రజల మీద పూలు చల్లుతాను" అని కూడా మంత్రిగారు అన్నారు. అంత ధైర్యాన్ని నేను సినిమాల్లో తప్ప చూడలేదు.

చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా మంత్రిగారి బావమరిది బసవపున్నయ్యగారిని ఎంపిక చేశారు. ఎంపికంతా పారదర్శకంగా జరిగింది, ఎందుకంటే ఇంకెవరినీ పిలవలేదు. అప్పటిదాకా ఆయన తణుకు దగ్గర రైసు మిల్లు చూసుకునేవారు. చూసుకునేవారని మాటవరసకు అంటున్నాను, ఆయన రెండు కళ్లకూ శుక్లాలున్నాయి. ఇక్కడే చిక్కొచ్చింది. ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్ కావాలంటే చీమ తలకాయంత అక్షరాలను జానెడు దూరం నుంచి చదివి చూపించాలట. ఈ రూలు రాసిన తెల్లవాళ్లకు బావమరుదులు లేనట్టుంది.

మా ఫిల్మ్‌నగర్‌లో ఇలాంటి చిక్కుకు ఎవరూ కంగారు పడరు. హీరోకి చేతకానిది డూప్ చేస్తాడు. గోడ దూకాలన్నా, గుర్రమెక్కాలన్నా డూపే. పేరు మాత్రం హీరోది. అదే పద్ధతిలో కంటిపరీక్షకు లక్ష్మయ్యను పిలిచారు.

లక్ష్మయ్య యూసుఫ్‌గూడలో మేమున్న వాటాకి పక్క వాటాలో కిరాయికి ఉండేవాడు. పద్దెనిమిదేళ్లుగా డూప్‌గా చేస్తున్నాడు. పెద్ద వయసు పాత్ర ఏదైనా సరే, దూరం నుంచీ వెనక నుంచీ సరిపోతాడు. ఒక్కసారైనా కెమెరాకు ఎదురుగా నిలబడి మాట చెప్పాలని, తెర మీద తన పేరు పడాలని అతనికి ఉండేది. భార్య కౌసల్యకు ఆ కోరిక ఇంకా ఎక్కువ. హాల్లో పక్కవాళ్లకు మొగుడి వీపు చూపించి చూపించి ఆమెకు విసుగు పుట్టింది. ఈ పని చేసిపెడితే వచ్చే సినిమాలో ఎదురు షాట్, ఒక డైలాగ్, టైటిల్స్‌లో పేరు ఇప్పిస్తామని స్టూడియో మేనేజరు లక్ష్మయ్యకు మాటిచ్చాడు. లక్ష్మయ్య వెళ్లి ఆ చిన్న అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. బసవపున్నయ్యగారి చూపు అమోఘమని సర్టిఫికెట్ వచ్చింది.

తరవాత క్రేన్ పరీక్ష. నేనూ వెళ్లాను. రంగునీళ్లు అమ్మే కంపెనీ నుంచి వచ్చిన మనిషి అతుకు మీద ఎర్రరంగు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, పైన తెల్లపొడి చల్లాడు. పగులు లేకపోతే పొడి తెల్లగానే ఉంటుందని, ఉంటే లోపల దాగిన ఎరుపు పైకొస్తుందని మాకు చెప్పాడు. చెబుతుండగానే తెల్లపొడి మీద మధ్యపాపిట్లో కుంకుమలా ఎర్రగీత తేలింది.

"నాకేమీ కనపడలేదండీ" అన్నారు బసవపున్నయ్యగారు. ఆ రోజు అక్కడ అబద్ధం చెప్పనివారు ఆయనొక్కరే.

అయితే ఫొటోలో గీత పడుతుంది. అందుకని మేనేజరు అలవాటు ప్రకారం మేకప్‌మేన్‌ను పిలిచాడు. అతను హీరోయిన్ మొటిమలకు వాడే పాన్‌కేక్ తెచ్చి గీత మీద అద్ది, పసుపు రంగు కలిపి టచప్ ఇచ్చాడు. లైట్లు వేసి ఫొటో తీశారు. ఆ అతుకంత నున్నటి చర్మం నేను ఏ తార ముఖంలోనూ చూడలేదు. క్రేన్ నిర్దోషి అని బసవపున్నయ్యగారు సంతకం చేశారు. సంతకం ఎక్కడ పెట్టాలో మేకప్‌మేన్ వేలు పెట్టి చూపించాడు.

వారం తిరక్కుండా ఢిల్లీ నుంచి ఆడిట్ ఆఫీసరు వచ్చింది. ఆమె పేరు శేషారత్నం, మహా నిక్కచ్చి మనిషి. కొబ్బరినీళ్లు కూడా ముట్టుకోలేదు. ఫైళ్లన్నీ చూసి, ఇన్‌స్పెక్టరు కళ్లను తన ముందు మళ్లీ పరీక్షించాలంది. బసవపున్నయ్యగారిని వెనక గుమ్మం నుంచి ఇంటికి పంపి, ఆయన బ్యాడ్జీ పెట్టి లక్ష్మయ్యను తెచ్చారు. లక్ష్మయ్య మళ్లీ గడగడా చదివాడు. ఆమె ముచ్చటపడి, ఇంత చూపున్న మనిషి ఆ అతుకును తన ఎదుట మరోసారి చూడాలని క్రేన్ దగ్గరికి తీసుకెళ్లింది.

లక్ష్మయ్య వంగి చూశాడు. ఎండకు పాన్‌కేక్ చెమర్చింది. మేనేజరు దూరం నుంచి కళ్లతో సైగలు చేస్తున్నాడు. లక్ష్మయ్య ఎదురు షాట్ అంతా ఆ సైగల్లో ఉందని నాకు తెలుసు. అయినా అతను నోరు విప్పాడు.

"గీడ గీత ఉన్నది మేడం. మేకప్ కింద కనవడుతున్నది. మనిషిని ఎక్కించొద్దు."

మేనేజరు పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు. నేను కలం తీశాను. శేషారత్నం మాత్రం సంతోషంగా రాసుకుంది. లోపాన్ని కనిపెట్టడమే ఈ ప్రోగ్రామ్ ఉద్దేశమని, ఇన్‌స్పెక్టరు లోపాన్ని కనిపెట్టాడు కాబట్టి ప్రోగ్రామ్ అద్భుతంగా పనిచేస్తోందని మాకు వివరించింది. నూటికి నూరు మార్కులు వేసింది.

"మరి క్రేన్ సంగతేంటండీ?" అని అడిగాను.

"క్రేన్ నా పరిధిలోకి రాదు. నేను ఇన్‌స్పెక్షన్‌ని ఆడిట్ చేయడానికి వచ్చాను" అంది ఆమె. ఆ సాయంత్రమే విమానమెక్కింది.

నూరు మార్కుల కబురు పత్రికలకు అందింది. గీత కబురు మంత్రిగారికి మాత్రమే అందింది. నేను రాసిచ్చిన వార్తలో గీత గురించిన పేరాను మా ఎడిటరుగారు స్థలం చాలక తీసేశారు. ఆ స్థలంలో మంత్రిగారి ఫొటో వేశారు.

క్రేన్ ప్రారంభోత్సవం ముందురోజు మంత్రిగారు పునరాలోచనలో పడ్డారు. తన ప్రాణం మీద తీపితో కాదని, అది ప్రజల సొత్తు గనుకనని పీఏ నాతో అన్నాడు. లక్ష్మయ్యకు మళ్లీ కబురొచ్చింది. ఖద్దరు పంచె, కండువా, నల్లకళ్లద్దాలు సిద్ధంగా పెట్టారు.

లక్ష్మయ్య మంత్రిగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, గా గీత నేనే సూసిన గద సార్" అన్నాడు.

"అందుకేనయ్యా నిన్ను పిలిచింది. గీత ఎక్కడుందో తెలిసినవాడివి నువ్వొక్కడివే. పైనుంచి ఓ కన్నేసి ఉంచు. పెద్దదవుతున్నట్టుంటే చెప్పు, దించేస్తారు" అన్నారు మంత్రిగారు. ఎదురు షాట్‌లో ఒకటి కాదు, రెండు డైలాగులు చెప్పిస్తానన్నారు.

ఆ రాత్రి కౌసల్య వద్దని మొత్తుకుంది. ఆమె మాటలు గోడ ఇవతలికి వినబడుతూనే ఉన్నాయి. రెండు డైలాగుల మాట విన్నాక ఏడుపు మిగిలింది గాని వాదన మిగల్లేదు.

మర్నాడు షేక్‌పేట నుంచీ మధురానగర్ నుంచీ జనాన్ని లారీల్లో తెచ్చారు. బ్యాండు వాయించారు. నల్లకళ్లద్దాల మంత్రిగారు నమస్కారం చేస్తూ క్రేన్ ఎక్కారు. అసలు మంత్రిగారు మేకప్ రూములో ఏసీ కింద కూర్చుని కిటికీలోంచి తమను తాము చూసుకుంటూ మురిసిపోయారు. క్రేన్ చేయి పైకి లేచింది. లక్ష్మయ్య మొదటి గుప్పెడు పూలు చల్లాడు. రెండో గుప్పెడు తీస్తూ అతుకు వైపు చూశాడు. చేయి అడ్డంగా ఊపి ఏదో అరిచాడు. మంత్రిగారు అభివాదం చేస్తున్నారనుకుని జనం చప్పట్లు కొట్టారు. పూలబుట్టతో సహా అతను కింద పడేదాకా చప్పట్లు ఆగలేదు.

జనమంతా చూశారు కాబట్టి మంత్రిగారు పడ్డారన్నది చరిత్ర. జూబ్లీహిల్స్ నర్సింగ్‌హోమ్‌కి ఆయన్ని సైరన్ మోతతో తీసుకెళ్లి, ఆయన పేరు మీద ఎక్స్‌రే తీశారు. కుడికాలి ఎముక రెండు ముక్కలైంది. కాసేపటికి అసలు మంత్రిగారు వెనక గుమ్మం నుంచి వచ్చి మంచమెక్కారు. ఆయన కాలికి తొడ దాకా పిండికట్టు వేశారు. అదే గుమ్మం నుంచి లక్ష్మయ్యను ఆటోలో సర్కారు దవాఖానకు పంపించారు. బాత్రూములో జారిపడ్డాడని చెప్పమన్నారు.

ప్రజల కోసం కాలు విరగ్గొట్టుకున్న మంత్రి అని మర్నాడు మా పత్రిక మొదటి పేజీలో రాసింది. పక్కనే ఎక్స్‌రే బొమ్మ వేసింది. ఈ ప్రోగ్రామ్ కింద నిజంగా తీసిన ఎక్స్‌రే అదొక్కటే. పరామర్శకు వచ్చినవాళ్ల ముందు మంత్రిగారు నొప్పి ఎంత బాగా చేశారంటే, తెర మీద నిజంగా పేరు పడాల్సింది ఆయనదేననిపించింది.

నేను సర్కారు దవాఖానకు వెళ్లేసరికి లక్ష్మయ్య వరండాలో చాప మీద పడున్నాడు. కాలు నల్లబడి ఉబ్బింది. కట్టు లేదు. ఎక్స్‌రే లేనిదే కట్టు వేయరు, ఎక్స్‌రే తీయడానికి దవాఖానలో ఫిల్ము లేదు. కౌసల్య మా పత్రిక చేతబట్టుకుని డాక్టరు ముందు నిలబడి ఉంది.

"ఎక్స్‌రే గిదే సార్. గీ కాలు మా ఆయనదే. గీ కింద పాత అతుకు సూడుండ్రి, గోడ దుంకినప్పుడు ఇరిగింది."

"పేపర్లో మంత్రిగారి పేరుంది కదమ్మా" అన్నాడు డాక్టరు.

"పద్దెనిమిదేండ్ల సంది వీపు జూసి గుర్తువడుతున్న సార్. ఎముక గుర్తువట్టనా?"

డాక్టరు పేపరు తీసుకుని బొమ్మ కేసి చాలాసేపు చూశాడు. తరవాత లక్ష్మయ్య కాలి కేసి చూశాడు. పేపరు మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు.

"ఈ కాలికి నిన్ననే కట్టేశారమ్మా" అన్నాడు.